గోదారి గట్టున నాయిన సైకిల్

సెలవు పెట్టి పరాయి దేశం పోవడం, అక్కడ సముద్రం పక్కన సైకిల్ తొక్కడం అనే ముచ్చట మా ఇంటికి ఒక క్యాలెండర్‌లో వచ్చింది. గనులకు యంత్రాలు అమ్మే కంపెనీ ఏదో ఆఫీసు వాళ్ళకు పంచిపెట్టిన క్యాలెండర్ అది. గుమాస్తా ఒకాయన మా నాయినకు ఇచ్చాడు. అన్ని నెలలకూ ఒకటే బొమ్మ. నీలం సముద్రం, దాని అంచునే నున్నటి రోడ్డు, రోడ్డు మీద ఒక దొర, ఒక దొరసాని, ఇద్దరికీ చెరో సైకిల్, ఇద్దరి మొహాల్లోనూ నవ్వు. ఏడాది అయిపోయాక నెలల కాగితాలు చింపి పొయ్యిలో పెట్టారు గానీ, బొమ్మను మాత్రం నాయిన మేకుకే ఉంచాడు.

"ఆ దొర సైకిల్‌కు క్యారేజీ లేదు చూసినవా?" అనేవాడు ఇంటికొచ్చిన ప్రతివాడితో. "ఆమె అలిసిపోతే యాడ కూసోవెట్టుకుంటడు?"

వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఆ బొమ్మను చూస్తే చిరాకు. సెలవు దొరికితే మంచం మీద వాలకుండా సైకిల్ ఎందుకు తొక్కాలో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. పొద్దున లేస్తే కాళ్ళు బరువు, మెట్లెక్కితే ఛాతీ బరువు. రోజూ కాసేపు సైకిల్ తొక్కమని డాక్టరు చెప్పాడు. మొన్న తెలిసినవాళ్ళు ఏ దేశమో పోయొచ్చి, సముద్రం పక్కన సైకిళ్ళు తొక్కిన ఫొటోలు ఫోనులో చూపించారు. బాగున్నాయన్నాను. చూస్తేనే ఆయాసం వచ్చిందని అనలేదు. ఆ ఫొటోల వల్లే మా నాయినతో నేను పోయిన ఒకే ఒక్క విహారం మళ్ళీ గుర్తుకొచ్చింది.

కొత్తగూడెం దగ్గర బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాయిన ఫిల్లరు. బాయి లోపల పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపే పని. పెళ్ళికి ముందు దిగినవాడు, నాకు గడ్డాలూ మీసాలూ వచ్చినా అదే పని చేస్తున్నాడు. ఎనభైల చివర్లో, ఇంకొన్నేళ్ళకు రిటైరవుతాడనగా, మా ఇంట్లో రాత్రీపగలూ ఒకటే మాట నడిచేది. అన్‌ఫిట్.

బాయి పనికి ఈ ఒళ్ళు పనికిరాదని మెడికల్ బోర్డు రాస్తే ఆ మనిషి ఇంటికొస్తాడు, అతని కొడుకు పనిలోకి పోతాడు. అదే రిటైరయ్యేదాకా ఆగితే కొడుక్కి ఏమీ ఉండదు. అందుకని మా బస్తీలో మగవాళ్ళు ఒక వయసు రాగానే జబ్బు కోసం ఎదురుచూసేవాళ్ళు. రాకపోతే తెచ్చిపెట్టుకునేవాళ్ళు. అది మోసమని ఎవరూ అనుకునేవారు కాదు, ఇంట్లో పెళ్ళి పనులు చూసుకున్నట్టు చూసుకునేవాళ్ళు. నేను ఇంటర్ పాసై ఖాళీగా తిరుగుతున్నాను. కొన్నాళ్ళు దమ్మపేటలో ఎరువుల దుకాణంలో బస్తాలు మోసి, ఆ వాసన పడక తిరిగొచ్చాను. నాకు ఉద్యోగం కావాలి. ఆ ఉద్యోగం మా నాయిన దగ్గు మీద ఆధారపడి ఉంది.

దగ్గు నేర్పడానికి పక్క క్వార్టర్లో మామ ఉన్నాడు. మాకు చుట్టం కాదు, వరస కలుపుకున్నాం. అంతకుముందే నడుం నొప్పి పేరుతో అన్‌ఫిట్ అయి, కొడుకుని పనిలో పెట్టి, ఇంటి వెనక దర్జాగా కోళ్ళు పెంచుకుంటున్నాడు. ఆ కోళ్ళ వెంట ఆయన ఉరికే ఉరుకుడు చూస్తే నడుం నొప్పి మనకు రావాలి. సాయంత్రం టీ వేళకు వచ్చి మా వాకిట్లో కూర్చుని పాఠం మొదలుపెట్టేవాడు.

"బావా, డాక్టరు ఏమడిగినా ఎంటనే చెప్పకు. జర ఆగు. దమ్ము తీస్కో. ఒక్క మాటను రెండు ముక్కలు చెయ్. నడిచేటప్పుడు గోడ పట్టుకో. గోడ లేకపోతే నీ కొడుకును పట్టుకో."

"గోడే నయం బామ్మర్దీ, అది ఎదురు మాట్లాడదు," అనేవాడు నాయిన.

ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు కారేపల్లిలో నాటకాల్లో ఆడవేషాలు కట్టినవాడు. దగ్గు ఆయనకొక లెక్కా? వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి, కళ్ళు తేలేసి, వాడకట్టంతా వినపడేలా దగ్గేవాడు. దగ్గి దగ్గి, చివర్లో ఒక కన్ను తెరిచి ఎలా ఉందన్నట్టు చూసేవాడు. మామ చప్పట్లు కొట్టేవాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వేది. మా అమ్మ అంతగా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

ఒకరోజు మాత్రం నవ్వాపుకుని అడిగింది. "అంత బాగనే ఉంది గని, ఛాతీ ఫోటో తీస్తరంట గదా? దాని ముంగట నీ యాక్షన్ నడుస్తదా?"

మామ తల గోక్కున్నాడు. ఆయన నడుం నొప్పికి ఎక్స్‌రే ఇబ్బంది రాలేదు మరి. నాయిన మాత్రం టీ ఊదుకుంటూ, "ఫోటో సంగతి నాకిడిసిపెట్టు," అన్నాడు. దవాఖానాలో ఎవరినో పట్టుకుని ఉంటాడనుకున్నాం. నాకైతే ఈ తతంగమంతా తలవంపులుగా ఉండేది. వాకిట్లో దగ్గు మొదలవగానే చెప్పులేసుకుని బయటికి పోయేవాణ్ణి. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు "మీ నాయిన దగ్గు ఎంతవరకొచ్చింది?" అని అడిగేవాళ్ళు.

బోర్డు పిలుపు కోసం నాయిన సిక్‌లో, అంటే జబ్బు సెలవులో ఉన్నాడు. పండగా చావూ లేకుండా అన్ని రోజులు వరసగా ఇంట్లో ఉండటం ఆయనకదే మొదలు. ఊళ్ళు చూసి రమ్మని ఇచ్చే సెలవుల్లో కూడా కారేపల్లి పోయి, తన అన్న మిరపతోటలో పనిచేసి, పోయినప్పటికంటే నల్లబడి వచ్చేవాడు. ఇప్పుడేమో పొద్దుపోక మంచంలో పడుకుని క్యాలెండర్ వైపు చూస్తున్నాడు. చూసి చూసి ఒకనాడు, "సముద్రం చూసొద్దామారా?" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"దూరం పోలేం. బోర్డు ఎప్పుడు పిలుస్తదో ఏమో. గోదారి ఉంది గదా, అవి నీళ్ళు కావా? భద్రాచలం కాడ బస్సు దిగి, గట్టెంబడి పర్ణశాల దాకా సైకిల్ మీద పోదాం. మనిద్దరమే."

అమ్మ చేతిలో చేట అట్లాగే ఆగింది. "నీకేమన్న మతి ఉందా అయ్యా? బోర్డుకు పోయేటోడు సైకిల్ తొక్కుతుంటే ఎవడన్న చూసి దవాఖానాల చెప్తే? పోరని బతుకు ఆగమైతది."

"వంతెన దాటేదాక తొక్కను. నీ మీద ఒట్టు."

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సద్ది కట్టింది. ఒప్పుకున్నట్టే.

ఆ పొద్దున మా ప్రయాణం చూడాలి. నాయిన తలకు మఫ్లర్ చుట్టుకుని, నా భుజం మీద చెయ్యేసి, అడుగులో అడుగేస్తూ, ప్రతి గుమ్మం ముందు ఆగి దగ్గుతూ బస్సు దాకా నడిచాడు. నేను రెండో చేత్తో సైకిల్ నడిపించుకొస్తున్నాను. జబ్బు మనిషికి సైకిలెందుకని ఎవరో అడిగారు. వెనకనుంచి అమ్మ, "మా తమ్మునికిచ్చొస్తరు. ఇగ ఈయన తొక్కేదుందా పెట్టేదుందా. అట్లనే రాముల వారి మొక్కు ఒకటుంది," అంది. ఒక్క గుక్కలో రెండబద్ధాలు. మేనమామ అనేవాడు నాకు లేనే లేడు.

సైకిల్‌ను బస్సు మీద కట్టించి, కిటికీ పక్కన కూర్చున్నాక నాయిన మొహం చూస్తే నాకు ఒళ్ళు మండింది. చిన్నపిల్లాడిలా బయటికి చూస్తున్నాడు. పాల్వంచ దాటింది, అడవి వచ్చింది, టేకు ఆకులు రాలి రోడ్డంతా చప్పుడు. నాకు నిద్రొస్తోంది. ఎవరి కళ్ళన్నా పడితే ఉద్యోగం పోతుందన్న భయం ఆ నిద్ర పోనివ్వడం లేదు. ఎక్కిన ప్రతివాడూ దవాఖానా మనిషిలాగే కనపడ్డాడు.

వంతెన దాటాక దిగాం. గుడి గోపురం వైపు తిరిగి నాయిన చేతులు జోడించి, "సామీ, వచ్చేటప్పుడొస్త," అని ఒక మాట చెప్పాడు. ఊరు దాటి ఇళ్ళు పలచబడగానే మఫ్లర్ తీసి సంచిలో కుక్కాడు. సైకిల్ హ్యాండిల్ నా చేతిలోంచి లాక్కున్నాడు.

"ఎక్కు."

"నేను తొక్కుత నాయినా, నువ్వు ఎనక కూసో."

"ఎక్కమన్ననా లేదా? చిన్నప్పుడు ఎక్కలేదా?"

చిన్నప్పుడు నా కాళ్ళు నేలకు తగిలేవి కావు. ఇప్పుడు పైకి ముడుచుకుని క్యారేజీ మీద కూర్చుంటే, దారిన పోయేవాళ్ళు తిరిగి తిరిగి చూశారు. ఆయనకు పట్టలేదు. ఒకచోట రోడ్డు వదిలి గట్టు మీది బాట పట్టాడు. ఎడమ పక్క గోదారి. వానాకాలం పోయి నీళ్ళు తేటగా ఉన్నాయి, మధ్యలో ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. ఒడ్డున వలలు ఆరేసి ఉన్నాయి, పక్కన ఒక నాటు పడవ. కుడి పక్క మిరప చేలు, వాటి వెనక అడవి. చల్లగాలి మొహానికి కొడుతోంది. బాగుందని ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోలేదు. నా నడుం పట్టేసింది.

కొంత దూరం పోయాక సైకిల్ ఆపి, ఒక కాలు నేలకానించి, నాయిన నీళ్ళవైపు చూశాడు.

"ఒక్కటే తక్కువ. అవతలి గట్టు కనపడుతున్నది."

అరచెయ్యి అడ్డంగా కళ్ళ ముందుకు ఎత్తి, అటూ ఇటూ జరుపుకున్నాడు. "గిట్ల పెట్టి చూడు. చెయ్యి ఎనక అవతలి గట్టు పోతది. ఇగ అన్ని నీళ్ళే."

నేనూ చెయ్యి పెట్టి చూశాను. నిజమే, అన్నీ నీళ్ళే. ఆయన మురిసిపోయి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.

అప్పుడు వినపడింది. పడిపోకుండా ఆయన నడుం పట్టుకుని కూర్చున్నాను గనక, వినపడటం కంటే ముందు చేతికి తెలిసింది. ఆయన వీపు లోపల ఏదో గరగరమని గీస్తోంది. పెడలు తొక్కినప్పుడల్లా వస్తోంది. దానికి తోడు మధ్య మధ్య దగ్గు. వాకిట్లో దగ్గులా లేదు. చాలా చిన్నది, నోరు తెరవకుండా వచ్చేది.

నాకు కోపమొచ్చింది. "ఇక్కడ ఎవరున్నరు నాయినా? ఇక్కడ కూడ యాక్షనేనా, ఇగ ఆపు," అన్నాను.

ఆయన నవ్వబోయాడు. నవ్వు బయటికి రాలేదు. దుమ్ముగూడెం ఇంకా ముందుందనగా గట్టు ఎత్తెక్కే చోట సైకిల్ రెండు వంకర్లు తిరిగి ఆగిపోయింది. నేను దూకి పట్టుకోకపోతే ఇద్దరం కింద పడేవాళ్ళం. నాయిన నేలమీద కూలబడి, రెండు చేతులూ వెనక్కి ఆనించి, నోరు తెరిచి గాలికోసం వెతుక్కుంటున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని తీస్తే దాని మీద బొగ్గు రంగు కఫం. ఆయన గబగబా మడిచేశాడు గానీ, నేను చూశాను.

అడవిలోంచి చీపురుగడ్డి మోపులతో ఇద్దరు కోయ ఆడవాళ్ళు దిగి వస్తున్నారు. ముందున్నామె మోపు దించి, నడుముకున్న సొరకాయ బుర్రలోంచి నీళ్ళు ఇచ్చింది. వాళ్ళ భాషలో రెండో ఆమెతో ఏదో అని, నావైపు తిరిగి తెలుగులో, "మీ అయ్యను దవాఖానకు తోలుకపోతున్నవా?" అని అడిగింది.

ఆమెకు బోర్డు సంగతి తెలియదు. మా మామ తెలియదు. ఒక మనిషి కనపడ్డాడు, జబ్బుతో ఉన్నాడు, అంతే. మా బస్తీలో ఇంతమంది రోజూ ఆ దగ్గు విన్నాం, ఒక్కరమూ అలా అడగలేదు.

నాయిన ఊపిరి కూడదీసుకుని, "లేదు సెల్లె. సముద్రం చూడబోతున్నం," అన్నాడు.

ఆమె నవ్వలేదు. ఎండ తగ్గినాక కదలమని చెప్పి, మోపెత్తుకుని వెళ్ళిపోయింది.

మేం పర్ణశాల చేరలేదు. అక్కడే చెట్టు నీడన సద్ది విప్పాం. పెరుగన్నం, చింతకాయ తొక్కు. నాయిన రెండు ముద్దలు తిని పక్కన పెట్టాడు. నాకు భయంగా ఉంది. ఏమడగాలో తెలియక ఫోటో గురించే అడిగాను.

"పోయినేడు ఖమ్మంల తీపిచ్చుకున్న," అన్నాడు. "చుట్టం పెండ్లికని పోయిన చూడు, అప్పుడు. డాక్టరు నా మొఖం చూడలే, ఫోటోనే చానసేపు చూసిండు. ఇంకోసారి దిగకు అన్నడు. దిగకపోతే ఎట్ల? దిగిన."

"మరి ఆ దగ్గుడేంది? మామ నేర్పుడేంది?"

"ఊకె దగ్గితే మీ అమ్మ భయపడ్తది. యాక్షన్ అంటే నవ్వుతది. నవ్వనీరా. ఇప్పుడు ఇంట్ల ఎంతన్న దగ్గొచ్చు, ఎవ్వరు ఏమనరు."

చేతిలో ముద్దను నేను తిరిగి గిన్నెలో పెట్టాను. ఆయన నావైపు చూడకుండా నీళ్ళవైపే చూస్తూ ఇంకో మాట అన్నాడు. దీనికోసమే ఇంతదూరం తీసుకొచ్చాడని అప్పుడు తెలిసింది.

"ఇంట్ల అడుగుదామంటే గోడలు పల్చన. అందుకె ఈడ అడుగుతున్న. ఆ బాయిల నువ్వు దిగుడు నాకిష్టం లేదు. ఇంట్ల ఖాళీగ కూసున్న నీ మొఖం చూసుడు గూడ ఇష్టం లేదు. రెండిట్ల ఏది తక్కువ కష్టమో నాకు తెలుస్తలేదు. నీకు వద్దంటే ఇప్పుడే చెప్పు. బోర్డుకు పోను. సిక్ కొట్టేసి డ్యూటీ ఎక్కుత. రిటైరయ్యేదాక ఎట్లనో లాక్కొస్త."

కొడుకు మనసు తెలుసుకుందామని అడిగాడు పాపం. కానీ నేను వద్దంటే ఆయన రేపు మళ్ళీ దిగుతాడు. ఆ ఛాతీతో. ఇంక నేను ఆలోచించడానికి ఏం మిగిలింది? ఆ ముందు రోజుదాకా ఉద్యోగం కావాలని కలవరించినవాణ్ణి, తీరా నోటిదాకా వచ్చేసరికి వెనకాడాను. ఆ తువ్వాల మీది మరక నా తువ్వాల మీద కనపడింది.

"నేను పోత నాయినా. నువ్వు బోర్డుకు పో," అన్నాను.

ఆయన తలూపాడు. సంతోషించాడో, దిగులుపడ్డాడో నాకు తెలియలేదు. మళ్ళీ అరచెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళను చాలాసేపు చూశాడు. దగ్గొచ్చినప్పుడల్లా చెయ్యి జరిగిపోతోంది గనక అవతలి గట్టు మధ్య మధ్య కనపడే ఉంటుంది.

తిరుగు దారిలో నేను తొక్కాను. ఎదురుగాలి. గట్టు దిగి రోడ్డెక్కేసరికి నా తొడలు పట్టేశాయి. ఆయన క్యారేజీ మీద కూర్చుని, నుదురు నా వీపుకు ఆనించాడు. మనిషి అంత తేలికగా ఉంటాడని నేననుకోలేదు. ఆ గరగర ఇప్పుడు నా వీపుకు తెలుస్తోంది. భద్రాచలంలో గుడి గోపురం పక్కనుంచే పోయాం. సామికిచ్చిన మాట ఆయనకు గుర్తురాలేదు, నేను గుర్తుచేయలేదు.

మా బస్తీలో బస్సు దిగగానే మఫ్లర్ చుట్టుకుని, నా భుజం పట్టుకుని, గట్టిగా దగ్గడం మొదలుపెట్టాడు. అప్పటికి నాకు తేడా తెలిసిపోయింది. నటన దగ్గు పెద్దది. అసలుది చిన్నది. సైకిల్ మళ్ళీ వెనక్కెందుకొచ్చిందని ఎవరో అడిగితే, మేనమామకు నచ్చలేదని చెప్పాను.

తర్వాత బోర్డు పిలిచింది. నాయిన పోయాడు, అన్‌ఫిట్ అని తేలింది. నేను ఆ బాయిలోకే దిగి, నా వంతు ఏళ్ళన్నీ అందులోనే గడిపాను. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దిగడం, ఎక్కడం, అలిసిపోవడం.

నాకు బాగా గుర్తున్నది బోర్డు నుంచి వచ్చిన సాయంత్రం. మా వాకిలి నిండిపోయింది. మామ తన కోళ్ళలో ఒకదాన్ని పట్టుకొచ్చాడు, కూర ఉడుకుతోంది. అమ్మ అందరికీ టీ పోస్తూ, రాని నవ్వును కూడా తెచ్చుకుని నవ్వుతోంది.

"ఛాతీ ఫోటోను గూడ నమ్మిచ్చినవంటే నువ్వు మామూలోనివి గాదు బావా," అన్నాడు మామ. "డాక్టరు ముంగట ఎట్ల చేసినవో ఒక్కసారి చేసి చూపియ్యి."

నాయిన లేచి నిలబడ్డాడు. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి, కళ్ళు తేలేసి, వాడకట్టంతా వినపడేలా దగ్గాడు. వాకిలి గొల్లుమంది. మామ తొడ చరిచాడు. ఒక కన్ను తెరిచి చూడాల్సిన చోటు వచ్చింది. నాయిన కన్ను తెరవలేదు. దగ్గు చిన్నదైంది.

అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. అమ్మ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నేను లేచి, నీళ్ళ చెంబు కోసం లోపలికి పోయాను.